మూత్రపిండంలో రాయి ఎలా పెరుగుతుంది? ఇంటివారు ఏం చేయగలరు?

ఇంట్లో ఒకరికి కిడ్నీలో రాయి ఉందని తెలియగానే అందరి నోటా వచ్చే ప్రశ్న ఒక్కటే: "అసలు ఈ రాయి లోపలికి ఎలా వెళ్లింది?" ఒకరు బియ్యంలో మట్టిగడ్డలు వచ్చాయంటారు. ఇంకొకరు బోరు నీళ్ల మీద నేరం మోపుతారు. మరొకరు టమోటా గింజలే కారణమని తేల్చేస్తారు. ఆ రోజు నుండి ఇంట్లో టమోటా వండరు, పాలు పోయరు, పెరుగు పెట్టరు. అయినా రెండు మూడేళ్లకు రాయి మళ్లీ కనిపిస్తుంది.

ప్రియమైన పాఠకులారా, ముందు ఒక్క సంగతి గ్రహించండి. ఆ రాయి బయటినుండి లోపలికి వెళ్లలేదు. మూత్రంలో కరిగి ఉన్న లవణాలనుండి, అక్కడే, కంటికి కనబడని పలుకుగా పుట్టి, నెలల తరబడి పెరిగింది. కరిగి ఉన్నది ఎందుకు గట్టిపడుతుందో, దానిని ఏది ఆపుతుందో తెలిస్తే, రాయి మళ్లీ రాకుండా చేసుకోవడం సులభమవుతుంది. ఈ తెలివి చాలా అవసరం. ఎందుకంటే ఒకసారి రాయి వచ్చినవారు ఏ జాగ్రత్తా తీసుకోకపోతే, దాదాపు సగంమందిలో పదేళ్లలోపు మళ్లీ రావచ్చు. ఉన్న రాయిని తీయడం వైద్యుల పని. రాయి పుట్టే నీటిని మార్చడం మాత్రం రోగి, ఇంటివారు కలిసి చేయవలసిన పని.

వంటింట్లో మొదటి పాఠం

కలకండ ఎలా తయారవుతుందో మీలో చాలామందికి తెలుసు. వేడినీళ్లలో పట్టినంత చక్కెర కరిగిస్తారు. అందులో దారాలు వేలాడదీసి, కదపకుండా నిదానంగా చల్లారనిస్తారు. కొన్ని రోజులకు దారం చుట్టూ పలుకులు కడతాయి. ఇందులో మనం చూడవలసినవి మూడు.

మొదటిది, నీళ్లు ఏ వస్తువునైనా కొంత మేరకే కరిగించుకోగలవు. ఆ హద్దు ఒక్కో వస్తువుకు ఒక్కో విధంగా ఉంటుంది. మామూలు వేడిమిలో లీటరు నీళ్లలో సుమారు 2 కిలోల చక్కెర కరుగుతుంది. ఉప్పు అయితే సుమారు 360 గ్రాములే. కిడ్నీ రాళ్లలో ఎక్కువగా కనిపించే కాల్షియం ఆక్సలేటు అనే లవణం మాత్రం లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాములే కరుగుతుంది. అంటే చిటికెలో చాలా చిన్న వంతు మాత్రమే.

రెండవది, హద్దు దాటగానే గట్టిపడి తీరాలనేమీ లేదు. చల్లారిన పాకంలో పట్టవలసినదానికంటే ఎక్కువ చక్కెర ఉన్నా, కొంతసేపు అది అలాగే తేటగా నిలిచి ఉంటుంది. హద్దు ఎంత ఎక్కువగా దాటితే, పలుకు పుట్టే అవకాశం అంత పెరుగుతుంది.

మూడవది, పలుకు పుట్టడానికి ఏదైనా ఆనుకునే చోటు దొరికితే పని త్వరగా జరుగుతుంది. కలకండకు ఆ చోటు దారం. ఒకసారి చిన్న పలుకు నిలిచిందంటే, ఆ తరువాత కరిగి ఉన్నదంతా వచ్చి దానిమీదనే చేరుతుంది.

ఈ మూడు మాటలు మనసులో ఉంచుకోండి: ఎంత కరిగి ఉంది, ఎన్ని నీళ్లు ఉన్నాయి, ఆనుకునే చోటు ఉందా. కిడ్నీలోనూ జరిగేది ఇదే.

మూత్రపిండంలో జరిగేది

మన రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంనుండి వడగడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే వెళుతుంది. చివరికి మూత్రంగా బయటికి వచ్చేది లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే. శరీరానికి అక్కరలేని కాల్షియం, ఆక్సలేటు, ఫాస్ఫేటు, యూరిక్ ఆమ్లం వంటివన్నీ ఆ కొద్ది నీళ్లలోనే కరిగి బయటికి పోవాలి.

రోజంతా ఎండలో పనిచేసి, నీళ్లు సరిగా తాగని మనిషికి మూత్రం రోజుకు అర లీటరు, ముప్పావు లీటరే రావచ్చు. పోవలసిన లవణాలు మాత్రం అంతే ఉంటాయి. చక్కెర తగ్గించకుండా నీళ్లు సగం చేస్తే పాకం ఎలా చిక్కబడుతుందో, మూత్రమూ అలాగే చిక్కబడుతుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. రాళ్లు లేని ఆరోగ్యవంతుల మూత్రంలో కూడా కాల్షియం ఆక్సలేటు తరచుగా హద్దు దాటే ఉంటుంది. లెక్క ప్రకారం అందరికీ రాళ్లు రావాలి. కాని అందరికీ రావడం లేదు. ఎందుకంటే మూత్రంలో పలుకులను పుట్టనివ్వని, పెరగనివ్వని పదార్థాలు కూడా ఉన్నాయి. మన పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే.

పలుకు కట్టనివ్వని పదార్థాలు

గులాబ్ జామూన్లకు పాకం పట్టేటప్పుడు అందులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతాం కదా! అలా పిండితే పాకం చల్లారినా పలుకు కట్టదు. నిమ్మలోని పులుపు, వేడితో కలిసి, చక్కెరలో కొంత భాగాన్ని వేరే రెండు చక్కెరలుగా విడగొడుతుంది. ఆ కొత్త చక్కెరలు మధ్యలో అడ్డుపడి, మిగిలిన చక్కెరను వరుసగా చేరి గట్టిపడనివ్వవు.

చిత్తూరు ప్రాంతంలో బెల్లం వండేవారికి కూడా ఈ సంగతి అనుభవమే. నరికిన చెరుకు నిలవ ఉండి పులిసిందంటే, ఆ రసంతో వండిన బెల్లం సరిగా గట్టిపడదు, మెత్తగా జారిపోతుంది. రసంలోని పులుపును తగ్గించడానికే వారు కొంచెం సున్నం వేస్తారు. చూడండి, కరిగి ఉన్నదాంట్లో కలిసే కొద్దిపాటి పదార్థం, అది గట్టిపడాలా వద్దా అనేది నిర్ణయిస్తున్నది.

మూత్రంలో ఈ పనిని ముఖ్యంగా మూడు పదార్థాలు చేస్తాయి.

1. సిట్రేటు. నిమ్మ, నారింజ, బత్తాయి వంటి పండ్లలో ఉండే సిట్రిక్ ఆమ్లానికి సంబంధించినది ఇది. మన శరీరమూ దీనిని తయారుచేసుకుంటుంది. ఇది రెండు పనులు చేస్తుంది. మూత్రంలోని కాల్షియాన్ని తనతో కట్టేసుకుని, ఆక్సలేటుతో కలవనివ్వదు. అప్పటికే పుట్టిన పలుకులుంటే వాటి అంచులమీద కూర్చుని, కొత్త పొర చేరకుండా అడ్డుపడుతుంది. పాకంలో నిమ్మరసం చేసే పని వేరు, మూత్రంలో సిట్రేటు చేసే పని వేరు. కాని ఫలితం ఒకే రకంగా ఉంటుంది.

2. మెగ్నీషియం. ఇది కాల్షియానికి బదులు తానే ఆక్సలేటును పట్టుకుంటుంది. మెగ్నీషియం ఆక్సలేటు నీళ్లలో కాల్షియం ఆక్సలేటుకంటే ఎక్కువగా కరుగుతుంది కనుక బయటికి వెళ్లిపోతుంది.

3. కొన్ని మాంసకృత్తులు. 1950లో టామ్, హార్స్‌ఫాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మూత్రంలో ఒక మాంసకృత్తును గుర్తించారు. మూత్రపిండమే దీనిని తయారుచేస్తుంది. మామూలు స్థితిలో ఇది చిన్న పలుకులు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కాకుండా కాపాడుతుంది. చిన్న పలుకు ఒక్కటే అయితే మూత్రంతో కొట్టుకుపోతుంది. పది కలిసి ముద్ద అయితేనే చిక్కు.

రాళ్లు తరచుగా వచ్చేవారిలో చాలామందికి మూత్రంలో సిట్రేటు తక్కువగా ఉంటుంది. అందుకే వైద్యులు కొందరికి పొటాషియం సిట్రేటు మందు ఇస్తారు. అమెరికాలో 1985లో దీనికి మందుగా అనుమతి లభించింది. ఇప్పుడు మన దేశంలోనూ విరివిగా వాడుతున్నారు. రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదమున్నవారికి, కిడ్నీలు బలహీనపడినవారికి ఇది హాని చేయగలదు. కనుక పక్కింటివారికి రాసిన సీసాను తెచ్చుకుని తాగవద్దు.

2016లో అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మరొక సంగతి ప్రచురించారు. సిట్రేటుకు దగ్గరి చుట్టమైన హైడ్రాక్సీసిట్రేటు అనే పదార్థం, కొన్ని పరిస్థితులలో, కాల్షియం ఆక్సలేటు పలుకులను పెరగకుండా ఆపడమే కాక కరిగించగలదని ప్రయోగశాలలో చూశారు. కేరళవారు చేపల పులుసులో వేసే కొడంపులిలో ఈ పదార్థం ఉంటుంది. ఇది ఆశ కలిగించే విషయమే. కాని రోగులకు ఇవ్వదగిన మందుగా ఇది ఇంకా స్థిరపడలేదు. ఇదే కాయనుండి తీసి, బరువు తగ్గడానికని అమ్మే గొట్టాలు మింగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నది. కనుక ఎవరో చెప్పారని కొని మింగవద్దు.

ఆనుకునే చోటు: స్టెంటు విషయంలో జాగ్రత్త

కలకండకు దారం ఎలాగో, రాయికి కూడా ఆనుకునే చోటు కావాలి. 1937లో అమెరికా వైద్యుడు అలెగ్జాండర్ రాండల్, మూత్రపిండం లోపలి మొనలమీద సున్నపు మచ్చలుంటాయనీ, రాళ్లు వాటిని పట్టుకుని పెరుగుతాయనీ చూపించాడు. ఈనాటికీ ఆ మచ్చలను ఆయన పేరుతోనే పిలుస్తారు.

కొన్నిసార్లు ఆనుకునే చోటును వైద్యం కోసం మనమే లోపల ఉంచవలసి వస్తుంది. రాయి తీసిన తరువాత, లేదా రాయి అడ్డుపడి మూత్రం ఆగినప్పుడు, మూత్రనాళంలో సన్నని మెత్తటి గొట్టం పెడతారు. దానినే డి.జె. స్టెంటు అంటారు. అది పెట్టిన కొన్ని రోజులకు నొప్పి తగ్గుతుంది. రోగి పనిలోకి వెళతాడు. అందరూ ఆ గొట్టం సంగతి మరచిపోతారు. కాని మూత్రంలో కరిగి ఉన్న లవణాలు మరచిపోవు. కలకండ దారంమీద చేరినట్టు ఆ గొట్టంమీద చేరుతూనే ఉంటాయి. నెలలు, సంవత్సరాలు గడిచేసరికి గొట్టమే రాయిగా మారి, కిడ్నీనే పోగొట్టుకునే స్థితి రావచ్చు. అప్పుడు ఐదు నిమిషాలలో తీయవలసిన గొట్టానికి పెద్ద ఆపరేషన్లు చేయవలసి వస్తుంది.

అందుచేత, స్టెంటు పెట్టారా అని డిశ్చార్జి నాడే అడగండి. తీసే తేదీని కాగితంమీద రాయించుకోండి. ఇంట్లో క్యాలెండరుమీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. నొప్పి లేకపోయినా, చేతిలో డబ్బు లేకపోయినా, పంట పని ఉన్నా ఆ తేదీని దాటవేయవద్దు. డబ్బు ఇబ్బంది అయితే ఆసుపత్రివారితో చెప్పండి, ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో అడగండి.

మంచంమీద ఉన్న పెద్దవారికి మూత్రం గొట్టం పెట్టి ఉంటే దానికీ ఇదే నియమం. నర్సు చెప్పిన రోజుకు గొట్టం మార్పించాలి.

అన్ని రాళ్లూ ఒకటి కావు

రాళ్లలో 100కు సుమారు 80 కాల్షియంతో కూడినవే. వాటిలో అధికభాగం కాల్షియం ఆక్సలేటు. మిగిలినవాటి తీరు వేరు.

యూరిక్ ఆమ్లపు రాయి, మూత్రం బాగా పులుపుగా ఉన్నప్పుడు కడుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారిలో, లావుగా ఉన్నవారిలో ఎక్కువ. ఇది మామూలు ఎక్స్‌రేలో కనిపించదు. మంచి మాట ఏమిటంటే, మందులతో మూత్రపు పులుపు తగ్గిస్తే ఈ రాయి కరిగిపోగలదు.

సూక్ష్మజీవులవలన వచ్చే రాయి వేరు. కొన్ని సూక్ష్మజీవులు మూత్రంలోని యూరియాను విడగొట్టి, మూత్రాన్ని క్షారంగా మారుస్తాయి. అప్పుడు ఈ రాయి వేగంగా పెరిగి జింక కొమ్ముల్లాగా కిడ్నీ అంతా నిండిపోవచ్చు. దీనికి పులుపు తగ్గించే మందులు పనికిరావు. రాయిని పూర్తిగా తీసి, సూక్ష్మజీవులకు మందు వాడాలి.

సిస్టీను రాయి వంశపారంపర్యంగా వస్తుంది, అరుదు. చిన్నపిల్లలకు రాయి వస్తే వైద్యులు దీనిని కూడా వెదకుతారు.

ఒకరికి మేలు చేసినది ఇంకొకరికి చేయకపోవడానికి కారణం ఇదే. కనుక రాయి పడిపోతుందని డాక్టరు చెప్పినప్పుడు, మూత్రాన్ని పలుచని గుడ్డతోగాని, టీ వడపోసే జల్లెడతోగాని వడకట్టండి. దొరికిన రాయి ఆవగింజంత ఉన్నా పారవేయక, శుభ్రమైన డబ్బాలో ఆసుపత్రికి తీసుకురండి. దానిని పరీక్షిస్తే ఏ జాతి రాయో తెలుస్తుంది.

మన ఎండలు, మన నీళ్లు

తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు ప్రాంతాలలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. మామిడి తోటల్లో కాయలు కోసేవారు, రాతి క్వారీల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసేవారు, ఆటో, బస్సు నడిపేవారు రోజంతా చెమటోడుస్తారు. చెమటగా పోయిన నీళ్లు మూత్రంగా రావు. అందుకే వేసవిలో రాళ్ల నొప్పితో వచ్చేవారు ఎక్కువ.

ఆడవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పనిచేసే చోట మరుగుదొడ్డి లేక, ఉన్నా శుభ్రంగా లేక, ఎంతోమంది స్త్రీలు, బడికి వెళ్లే ఆడపిల్లలు ఉదయంనుండి సాయంత్రందాకా నీళ్లే ముట్టరు. ఇది ఇంటి పెద్దలు గమనించి సరిదిద్దవలసిన విషయం. నీళ్ల సీసా ఇచ్చి పంపితే చాలదు, "అక్కడ వసతి ఉందా" అని కూడా అడగాలి.

బోరు నీళ్ల మాట కూడా చెప్పుకుందాం. గిన్నెకు తెల్లటి పెచ్చు పట్టడం చూసి, కిడ్నీకీ అలాగే పడుతుందని చాలామంది భయపడతారు. గిన్నెలో పెచ్చు కాచడంవలన కట్టే సున్నం. నీళ్లలోని కాల్షియం నేరుగా కిడ్నీకి వెళ్లి అతుక్కోదు. అది పేగులలో ఆహారంతో కలుస్తుంది. నీళ్ల గట్టిదనమే రాళ్లకు మూలమని రుజువు కాలేదు. రుచి బాగాలేదని నీళ్లు తక్కువ తాగడమే అంతకంటే పెద్ద కీడు. ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్లలో మాత్రం ఎముకలకు, పళ్లకు హాని కలుగుతుంది కనుక మంచి నీళ్లు వాడాలి.

నీళ్లు నిజంగా రాయిని ఆపుతాయా? 1996లో ఇటలీ వైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని రెండు జట్లు చేసి ఐదేళ్లు చూశారు. ఒక జట్టువారిని మూత్రం రోజుకు రెండు లీటర్లు వచ్చేటట్టు నీళ్లు తాగమన్నారు. రెండవ జట్టువారికి ఏమీ చెప్పలేదు. మొదటి జట్టులో 100కు 12 మందికి, రెండవ జట్టులో 100కు 27 మందికి రాయి మళ్లీ వచ్చింది. మందు లేదు, ఖర్చు లేదు. నీళ్లతోనే సగానికి పైగా తగ్గింది.

ఎన్ని నీళ్లు తాగారనేది కాదు, ఎంత మూత్రం వచ్చిందనేదే కొలత. రోజుకు రెండు నుండి రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. ఒక సెలవు రోజున లీటరు సీసాతో కొలిచి చూడండి. కొలవలేకపోతే రంగు చూడండి. లేత ఎండుగడ్డి రంగులో ఉంటే సరి. ముదురు పసుపుగా ఉంటే చాలడం లేదని అర్థం. బి కాంప్లెక్సు వంటి మాత్రలు వేసుకునేవారికి రంగు మారుతుంది, దానితో కంగారుపడవద్దు. పడుకునే ముందు ఒక గ్లాసు, రాత్రి లేచినప్పుడు మరొకటి తాగితే మంచిది. నిద్రలోనే మూత్రం ఎక్కువ చిక్కబడుతుంది.

ఒక హెచ్చరిక. గుండె బలహీనపడినవారు, కాళ్ల వాపులున్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు ఎన్ని నీళ్లు తాగాలో వారి వైద్యుడే చెప్పాలి. ఈ లెక్క వారికి కాదు.

మానవలసినవి, మానకూడనివి

పాలు, పెరుగు, మజ్జిగ మానకండి. రాయిలో కాల్షియం ఉంది కనుక పాలు మానాలని అనుకోవడం సహజం. కాని మనం తిన్న కాల్షియం పేగులలోనే ఆక్సలేటును పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. కాల్షియం తగ్గితే ఆక్సలేటు రక్తంలోకి ఎక్కి కిడ్నీకి చేరుతుంది. 2002లో అదే ఇటలీ వైద్యులు 120 మంది మగవారిమీద ఐదేళ్ల పరిశీలన ప్రచురించారు. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి రాయి మళ్లీ వచ్చింది. కాల్షియం మామూలుగా ఉంచి, ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది. అయితే కాల్షియం మాత్రలు వేరు. వాటిని వైద్యుని అడిగే వాడాలి.

ఉప్పు తగ్గించండి. ఉప్పు ఎక్కువైతే కిడ్నీ కాల్షియాన్ని ఎక్కువగా మూత్రంలోకి వదులుతుంది. రోజంతటికీ ఒక మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, మిక్చరు ఇవన్నీ ఆ చెంచాలోని లెక్కే. రోగికి విడిగా వండడంకన్నా ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించడం మేలు. బి.పి. ఉన్నవారికి కూడా ఉపకారం.

నిమ్మరసం మంచిదే, ఉప్పు లేకుండా. రోజుకు రెండు మూడు నిమ్మకాయల రసం ఎక్కువ నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగవచ్చు. మనవాళ్లు అందులో ఉప్పు దండిగా వేస్తారు. అది ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కున్నట్టే. చక్కెర కూడా ఎక్కువ వద్దు. మజ్జిగలోనూ ఉప్పు తగ్గించండి. తాగిన తరువాత నోరు పుక్కిలిస్తే పళ్లు పాడవవు. కడుపులో మంట ఉన్నవారు మానండి.

ఆకుకూరలలో పాలకూర, చుక్కకూర, తోటకూరలలో ఆక్సలేటు ఎక్కువ. ఆక్సలేటు రాయి ఉన్నవారు వీటిని రోజూ కాక ఎప్పుడైనా కొద్దిగా, పెరుగన్నమో మజ్జిగో ఉన్న భోజనంలో తినవచ్చు. వేరుశెనగ పప్పు గుప్పెళ్లకొద్దీ తినడం తగ్గించాలి.

టమోటా మానవలసిన పని లేదు. అందులో ఆక్సలేటు తక్కువ. గింజలు కిడ్నీకి చేరవు, పేగుల దారినే పోతాయి.

మాంసం రోజూ తినేవారు తగ్గించాలి. అది మూత్రంలో పులుపును పెంచి సిట్రేటును తగ్గిస్తుంది. విటమిన్ సి మాత్రలు ఎక్కువ మోతాదులో వాడితే అవి శరీరంలో ఆక్సలేటుగా మారతాయి. అడగకుండా వాడవద్దు.

ఉలవ కట్టు, కొండపిండి, అరటి దూట

రాయి అనగానే మన ఊళ్లలో ఉలవ కట్టు తాగమంటారు, కొండపిండి ఆకు వండమంటారు, అరటి దూట రసం ఇమ్మంటారు. ఈ జబ్బు కొత్తది కాదు. సుశ్రుత సంహితలోనే అశ్మరి అనే పేరుతో దీనిని వర్ణించారు. కనుక పెద్దలు ఏవో మందులు వెదకడం సహజమే. ఉలవ కట్టు, అరటి దూట కూర ఆహారంగా తింటే మామూలు ఆరోగ్యవంతులకు దోషం లేదు.

కాని ఒక సంగతి ఆలోచించండి. 5 మిల్లీమీటర్లలోపు రాళ్లలో ఎక్కువభాగం వాటంతట అవే పడిపోతాయి. ఆ సమయంలో ఏది తాగినా, రాయి పడిన ఖ్యాతి దానికే దక్కుతుంది. అదే మందు 15 మిల్లీమీటర్ల రాయి ఉన్న మనిషి నమ్మి ఆరు నెలలు తాగితే, ఈలోగా కిడ్నీ వాచి పాడవుతుంది. గట్టిపడిన కాల్షియం ఆక్సలేటు రాయిని లోపలే కరిగించే మందు ఈనాటికీ లేదు. కనుక ఏది తాగినా స్కానింగు మానవద్దు, చెప్పిన తేదీకి రావడం మానవద్దు.

పెద్ద రాళ్లకు నేడు మంచి వైద్యాలున్నాయి. శరీరాన్ని కోయకుండా తరంగాలతో రాయిని పొడిచేసే పద్ధతిని 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి వాడారు. మూత్రమార్గంగుండా సన్నని గొట్టం పంపి, లేదా వీపునుండి చిన్న రంధ్రం చేసి రాయిని తీసే పద్ధతులు తిరుపతి, వేలూరు వంటి చోట్ల అందుబాటులో ఉన్నాయి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

రాయి నొప్పితో పాటు క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దు.

1. చలితో వణుకుతూ జ్వరం. రాయి అడ్డుపడి వెనుక నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగితే, కొన్ని గంటలలోనే ప్రాణం మీదికి రావచ్చు.
2. మూత్రం పూర్తిగా ఆగిపోవడం, లేదా చాలా తగ్గడం.
3. ఒకే కిడ్నీ ఉన్నవారికి నొప్పి రావడం.
4. గర్భిణికి నొప్పి రావడం.
5. ఆగని వాంతులు, మందుకు తగ్గని నొప్పి.

నొప్పి తగ్గితే రాయి పోయినట్టు కాదు. కొన్నిసార్లు రాయి అక్కడే అడ్డుగా ఉండి, నొప్పి మాత్రం ఆగిపోతుంది. కిడ్నీ మౌనంగా వాస్తూ, పనిచేయడం మానేస్తుంది. రాయి పడిందని కంటితో చూడాలి, లేదా స్కానింగులో తేలాలి. మందుల షాపులో నొప్పి మాత్రలు కొని పదే పదే వేసుకోవడం కూడా కిడ్నీకి చేటు.

జ్ఞాపకముంచుకోండి

1. రాయి తిన్నది కాదు, చిక్కబడిన మూత్రంలో పెరిగినది.
2. మూత్రం రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా నీళ్లు తాగాలి.
3. ఉప్పు తగ్గించాలి. పాలు, పెరుగు మానకూడదు.
4. ఉప్పులేని నిమ్మరసం మేలు. సిట్రేటు మందు వైద్యుడు రాస్తేనే.
5. పడిన రాయిని పరీక్షకు తేవాలి.
6. స్టెంటు తీసే తేదీ దాటకూడదు.
7. రాయి, జ్వరం రెండూ కలిస్తే ఆలస్యం చేయకూడదు.

రోగికి ఈ జాగ్రత్తలు గుర్తుచేసేది ఆసుపత్రిలో మేము కాదు, ఇంట్లో మీరే. పొలానికి వెళ్లేవారి చేతికి నీళ్ల సీసా ఇవ్వడం, కూరలో ఉప్పు ఒక చిటికె తగ్గించడం, క్యాలెండరు వైపు ఒకసారి చూడడం చిన్న పనులే. కరిగి ఉన్నది రాయి కాకుండా ఆపేది కూడా అటువంటి కొద్దిపాటి పదార్థమే కదా!